ఢిల్లీ ఎంతో రంగమూ అంతే

కళింగ తీరం, కడలి దారులు: తొమ్మిదో భాగం

విశాఖపట్నం విమానాశ్రయం నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన సుమారు 1,360 కిలోమీటర్లు. అదే చోటు నుంచి యాంగోన్‌కు సుమారు 1,370. యాంగోన్ మనకు కొత్త ఊరేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మూడు నాలుగు తరాల పాటు ‘రంగం’ అని పిలుచుకున్న రంగూన్ పట్నమే అది. శ్రీకాకుళం నుంచి కొలిస్తే లెక్క తిరగబడుతుంది. ఢిల్లీ సుమారు 1,335 కిలోమీటర్లయితే రంగం 1,305. కళింగపట్నం ఒడ్డు నుంచి కొలిస్తే ఇంకా తగ్గి 1,280కి వస్తుంది. వంశధార మొగలో ఉన్న మనిషికి దేశ రాజధాని కంటే ఎదుటి ఒడ్డే దగ్గరన్నమాట.

పటం మీద ఈ రెండు దూరాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఉత్తరాంధ్ర చరిత్రలో ఒక పెద్ద ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. కరువొచ్చినా అప్పు మీద పడినా ఇక్కడి జనం ముందు మద్రాసు వైపో హైదరాబాదు వైపో కాకుండా, సముద్రం వైపు ఎందుకు చూశారు? మిగతా సగం జవాబు ఆ దూరాన్ని దాటడానికి ఏ కాలంలో ఎంతసేపు పట్టింది, ఎవరికి పట్టింది అన్నదానిలో ఉంది. ఈ భాగంలో చెప్పబోయేది అదే.

గత భాగంలో శాలిహుండం కొండనూ కళింగపట్నం రేవునూ చూశాం. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టోలెమీ తన భూగోళ గ్రంథంలో ఈ తూర్పు తీరంలోనే ఒక చోటును ప్రత్యేకంగా గుర్తు పెట్టాడు. ఒడ్డు వెంట వచ్చే నావలు అక్కడ తీరాన్ని విడిచి, నడి సముద్రంలోకి తిరిగి, సువర్ణభూమి వైపు సాగేవట. పాలూర అనే ఊరి దగ్గర అని రాశాడు. పండితులు ఆ ఊరిని నేటి గంజాం ప్రాంతంలో వెతికారు. కచ్చితమైన స్థలం ఏదైనా కావచ్చు. ఈ తీరం నుంచి తూర్పుకు సూటిగా వెళ్లొచ్చన్న జ్ఞానం మాత్రం పొగఓడల కంటే పదిహేడు వందల ఏళ్ల ముందుది.

పొగఓడల కాలానికి వద్దాం. బర్మా డెల్టాను ఆంగ్లేయులు 1852లో ఆక్రమించారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక యూరప్‌కు బియ్యం ఎగుమతి ఉప్పెనలా పెరిగింది. ఐరావతి మాగాణులకూ రంగూన్ బియ్యం మిల్లులకూ రేవుకూ చేతులు కావాలి. ఇవతల గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో జమీందారీ శిస్తులు, వాన మీద ఆధారపడ్డ మెట్ట చేలు, 1896–97 నాటి కరువు. నేటి శ్రీకాకుళం జిల్లా అప్పట్లో లేదు. అప్పట్లో చికాకోల్ అని పిలిచిన శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలోనే ఉండేది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950 ఆగస్టు 15న విడి జిల్లా అయింది. రంగం పోయినవాళ్లను వెతుకుతూ పాత జనాభా లెక్కలు తిరగేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మన తాతల ఊళ్లు చాలాసార్లు ‘గంజాం’ కిందే దొరుకుతాయి.

గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు రంగూన్‌కు నడిచేవి. కళింగపట్నంలో ఓడ గట్టుకు ఆనేది కాదు. లోతు లేక దూరాన లంగరు వేసి నిలిచేది. ఒడ్డు నుంచి దాని దాకా జనాన్ని మసూలా పడవల్లో చేర్చేవారు. మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన పడవ అది. కెరటం వచ్చి గుద్దితే విరగకుండా వంగుతుంది. తూర్పు తీరపు కెరటాన్ని దాటడానికి ఇక్కడి బెస్తలు తరాలుగా ఎరిగిన ఉపాయం. వలస పోయేవాడికి మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే భయమైన ఘట్టం ఆ కొద్దిపాటి నీళ్లే. ముసలివాళ్లనూ పిల్లలనూ చేతులందించి పైకి లాగాలి. మూట తడిస్తే అందులో ఉన్న అటుకులూ బట్టలూ పోయినట్టే.

ఓడ విమానంలా సూటిగా వెళ్లలేదు. బంగాళాఖాతాన్ని అడ్డంగా దాటి, నెగ్రాయిస్ అగ్రాన్ని చుట్టి, డెల్టా కింది నుంచి రంగూన్ నదిలోకి మళ్లి, పోటు చూసుకుని పైకి పోవాలి. విశాఖ నుంచి లెక్కవేస్తే దగ్గరదగ్గర 800 నాటికల్ మైళ్లు, అంటే 1,470 కిలోమీటర్లు. గంటకు 10 నాటికల్ మైళ్ల ఓడకు మూడు పగళ్లు, మూడు రాత్రులు, పైన మరికొన్ని గంటలు. రేవు రేవునా ఆగుతూ జనాన్ని ఎక్కించుకునే ఓడ అయితే ముందు రేవులో ఎక్కినవాడికి ఇంకా పొడుగు. ఈ ప్రయాణమంతా డెక్కు మీదే, గది లేదు, మంచం లేదు. ఎవరికి దొరికిన జాగాలో వాళ్లు గుడ్డ పరుచుకోవాలి. వాన వస్తే అందరూ తడవాలి.

టికెట్టు డబ్బు చాలామందికి చేతిలో ఉండేది కాదు. మేస్త్రీ ముందుగా కట్టేవాడు. రంగంలో దిగాక ఆ అప్పును కూలిలోంచి కోసుకునేవాడు. పని చూపించేదీ బస చూపించేదీ జీతం పంచేదీ ఆ మేస్త్రీయే. అందువల్ల మూడు రోజుల దూరాన్ని దాటడానికి చేసిన అప్పు తీరేసరికి చాలామందికి సీజన్లే గడిచిపోయేవి. ఓడ నడకను చూసి వేసిన దూరం లెక్కలో ఇది కనబడదు. నా దృష్టిలో రంగం దూరాన్ని ఈ రుణంతో కలిపే కొలవాలి.

పోకకూ రాకకూ ఒక ఋతువు ఉండేది. బర్మాలో వరి కోతలు ముగిసి మిల్లులు పుంజుకునే కాలానికి అక్కడ ఉండేలా శీతకాలంలో బయల్దేరేవారు. మిల్లు పని, రేవు పని సన్నగిల్లి తొలకరి దగ్గరపడితే చాలామంది ఇంటికి తిరిగొచ్చేవారు. 1927లో బర్మాకు వెళ్లిన భారతీయులు నాలుగు లక్షలు దాటారు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఇంత పెద్ద ఎత్తున కదిలిన రేవులు ఆ కాలంలో ప్రపంచంలోనే అరుదు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ పట్నంలో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగు మాట్లాడేవారు లక్షన్నర పైచిలుకు. రంగూన్ రేవులో బియ్యం బస్తాలను వీపు మీద మోసి ఓడ కడుపులోకి దింపింది ముఖ్యంగా మనవాళ్లే. రిక్షా లాగిందీ వీధులు ఊడ్చిందీ మిల్లులో ఊక దుమ్ము మింగిందీ వాళ్లే. ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే రేవు పట్నం ఆ వీపుల మీద నడిచింది.

ఆ వీపుల మీదే దెబ్బా పడింది. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు సమ్మెకు దిగారు. కాంట్రాక్టర్లు వాళ్ల చోట బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నారు. 26వ తేదీన రేవులో మొదలైన కొట్లాట పట్నమంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు, అనధికార లెక్కలు ఇంకా ఎక్కువ చెబుతాయి. చనిపోయినవాళ్లలో అత్యధికులు తెలుగువాళ్లు. కూలి పెంచకుండా పని జరిపించుకోవాలనుకున్నవాళ్ల నిర్ణయానికి, ఒకరి ఆకలి మీద ఇంకొకరిని ఉసిగొల్పిన తీరుకు, రెండు జాతుల పేదలూ బలయ్యారు.

ఇక 1933. కడలి దారి, గగన దారి రెండూ ఒకే ఏడాది మలుపు తిరిగాయి. ఆ ఏడు అక్టోబర్ 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ విశాఖపట్నం కొత్త హార్బరులోకి ప్రవేశించింది. డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ దాన్ని లాంఛనంగా ప్రారంభించాడు. ఓడ గట్టుకు ఆని నిలిచే రేవు మొదటిసారి ఉత్తరాంధ్రకు దక్కింది. మసూలా పడవల కాలం చివరి దశకు వచ్చింది. బారువ, కళింగపట్నం, భీమిలి నెమ్మదిగా ఖాళీ అయ్యాయి. సరిగ్గా ఆ నెలల్లోనే లండన్ నుంచి కరాచీ, ఢిల్లీ, కలకత్తా దాకా వచ్చిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ మార్గం రంగూన్‌కు, అక్కణ్ణుంచి సింగపూర్‌కు సాగింది.

ఆ విమానం మన తీరం నుంచి ఎందుకు ఎగరలేదు? కలకత్తా పెద్ద నగరం, నిజమే. కానీ యంత్రాల హద్దు కూడా ఒక కారణమే. ఆ మార్గంలో వాడిన అటలాంటా విమానానికి నాలుగు ఇంజన్లు, తొమ్మిది మంది ప్రయాణికులు. వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. ఒకసారి ఇంధనం నింపితే వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దాకా మాత్రమే ఎగరగలదు. విశాఖ నుంచి రంగూన్ 1,370 కిలోమీటర్లు, మధ్యలో దిగడానికి గుప్పెడు నేల లేదు. కలకత్తా నుంచైతే తీరం వెంట సుమారు 535 కిలోమీటర్లు పోయి అక్యాబ్‌లో దిగి ఇంధనం పోసుకుని, మరో 500 పోతే రంగూన్. గాలిలో ఉండేది ఐదున్నర గంటల లోపే. మూడు రాత్రుల సముద్రం ఐదున్నర గంటలయింది, తొమ్మిది కుర్చీల మేరకు. బొగ్గు మసి పడే డెక్కు మీద కూర్చున్న వందల మందికి ఆ ఏడూ ఆ పై ఏడూ మూడు రాత్రులే.

అప్పటి విమానానికి వర్షాకాలం ఎంత కష్టమో అమీలియా ఇయర్‌హార్ట్ అనుభవం చెబుతుంది. భూమిని చుట్టే ప్రయాణంలో ఆమె 1937 జూన్ 18న కలకత్తా నుంచి అక్యాబ్ వచ్చింది. రంగూన్ వైపు బయల్దేరితే ఎదురైన వాన ముసురులో దారి దొరక్క మళ్లీ అక్యాబ్‌కే తిరిగొచ్చింది. మర్నాడు గానీ రంగూన్ చేరలేదు. రెండు వారాల తర్వాత పసిఫిక్ సముద్రంలో ఆమె విమానం అదృశ్యమైంది. ఆమెను వెనక్కి తిప్పిన ఆ జూన్ ముసురులోనే మనవాళ్ల ఓడలు ఏటా బంగాళాఖాతం దాటి ఇంటికొచ్చేవి.

1941 డిసెంబర్ 23న, మళ్లీ క్రిస్మస్ రోజున, జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు దగ్గర కిక్కిరిసిన ఇళ్లలో ఉన్న కూలీలు పెద్ద సంఖ్యలో చనిపోయారు. బతికినవాళ్లు ప్రోమ్ రోడ్డు పట్టి నడక సాగించారు. కూలీలు పోతే రేవు ఆగిపోతుందని ప్రభుత్వం మొదట వాళ్లకు నచ్చజెప్పి వెనక్కి మళ్లించింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. అప్పటికి ఓడ లేదు. విమానాల్లో చోటు ఉద్యోగులకూ తెల్లవారికీ పలుకుబడి ఉన్నవారికీ సరిపోయింది. మిగతావాళ్లకు కాళ్లే దిక్కు. ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి టాంగప్ దాకా నూరు మైళ్ల పైచిలుకు నడక, అక్కణ్ణుంచి పడవల మీద అక్యాబ్, చిట్టగాంగ్. లేదా ఉత్తరాన తాము అనే ఊరి మీదుగా మణిపూర్. నీళ్లు లేని కొండ దారిలో కలరా పట్టుకుంది. నాలుగైదు లక్షల మంది అలా బయటపడ్డారని, దారిలో చనిపోయినవాళ్లు పదివేల నుంచి యాభై వేల దాకా, అంతకు మించి కూడా ఉంటారని చరిత్రకారుల అంచనాలు. కలకత్తా చేరినవాళ్లు రైలెక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, అంటే ఆమదాలవలసలో, దిగారు. వెళ్లేటప్పుడు మూడు రోజులు పట్టిన దూరం తిరిగొచ్చేటప్పుడు నెలలు పట్టింది.

యుద్ధం తర్వాత కొందరు మళ్లీ వెళ్లారు. 1962 మార్చి 2న సైన్యాధిపతి నే విన్ అధికారం చేజిక్కించుకున్నాక దుకాణాలూ మిల్లులూ జాతీయమయ్యాయి. 1964 మేలో పెద్ద నోట్లు చెల్లకుండా పోయాయి. కూడబెట్టిన సొమ్మూ బంగారమూ అక్కడే వదిలి, కాందిశీకులు ఓడల్లో మద్రాసు, విశాఖపట్నం రేవులకు వచ్చారు. విశాఖ కంచరపాలెంలో ‘బర్మా క్యాంపు’ అనే పేరు అలా నిలిచింది. నగరవాసులు రోజూ బస్సు స్టాపులో పలికే ఆ పేరు వెనుక ఎనభై తొంభై ఏళ్ల రాకపోకలున్నాయి.

నేటి లెక్క చూద్దాం. జెట్ విమానం ఎత్తుకు చేరాక గంటకు 800 కిలోమీటర్లకు తక్కువ కాకుండా పోతుంది. రన్‌వే మీద పరుగుకూ పైకెక్కడానికీ కిందికి దిగడానికీ మరో అరగంట కలుపుకుంటే 1,370 కిలోమీటర్లకు రెండు గంటల పది నిమిషాలు. విశాఖలో ఉదయం ఆరింటికి లేచిన విమానం యాంగోన్ గడియారం తొమ్మిదీ పది చూపేటప్పుడు దిగుతుంది, ఎందుకంటే అక్కడి సమయం మనకంటే గంట ముందు. తిరుగు ప్రయాణంలో అక్కడ తొమ్మిదింటికి బయల్దేరితే ఇక్కడ పదీ పదికల్లా ఇంటి దారి పట్టొచ్చు.

గాలిని బట్టి ఈ నిమిషాలు కొంచెం అటూఇటూ అవుతాయి. చలికాలంలో ఆ ఎత్తున వీచే పడమటి గాలి తూర్పుకు వెళ్లేవారిని ముందుకు తోస్తుంది. నైరుతి ఋతుపవనాల నెలల్లో దక్షిణ భారతం మీద, బంగాళాఖాతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక ఉధృతమైన గాలి ప్రవాహం ఏర్పడుతుంది. అప్పుడు రంగం నుంచి వచ్చేవారికే లాభం. ఆ ప్రవాహాన్ని గుర్తించి, 1958లో టెల్లస్ పత్రికలో వివరంగా ప్రకటించిన శాస్త్రవేత్త మన తెలుగువాడే, పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకునే ఈ విషయం వెనుక ఆయన పేరు మన పిల్లలకు తెలియాలి.

ఇంత లెక్క వేశాక బాధ కలిగించే మాట చెప్పాలి. ఆ రెండు గంటల పది నిమిషాల విమానం లేదు. విశాఖ నుంచి యాంగోన్‌కు నేరుగా పోయే సర్వీసు లేక కోల్‌కతా మీదుగా వెళ్లాలి. 775, 1,025 కలిపి 1,800 కిలోమీటర్లు. గాలిలో గడిపే సమయం పెద్దగా పెరగదు గానీ మధ్యలో వేచి ఉండే గంటలు రోజంతా మింగేస్తాయి. బ్యాంకాక్ మీదుగా అయితే 1,930, 610 కలిపి 2,540 కిలోమీటర్లు. బర్మా దక్షిణ తీరం మీదుగానే ఎగిరి, దాన్ని దాటి బ్యాంకాక్‌లో దిగి, మళ్లీ వెనక్కి రావాలి. యాంగోన్‌కు రెట్టింపు పైగా దూరంలో, 2,900 కిలోమీటర్ల అవతల ఉన్న సింగపూర్‌కు విశాఖ నుంచి నాలుగు గంటల్లో వెళ్తున్నాం. ఉద్దానం కుర్రాళ్లు వెల్డింగ్ పనికో నిర్మాణ పనికో దాదాపు 3,000 కిలోమీటర్ల దూరంలోని దుబాయ్ చేరుతున్నారు. మేస్త్రీ స్థానంలో ఏజెంటు వచ్చాడు. టికెట్టు అప్పు అలాగే ఉంది.

విమానం పని ఉన్న చోటికి పోతుంది, జ్ఞాపకం ఉన్న చోటికి పోదు అనొచ్చు. ఒప్పుకుంటాను. 2021 ఫిబ్రవరి 1 సైనిక తిరుగుబాటు తర్వాత బర్మా నలిగిపోతోంది. రోజువారీ సర్వీసు అడగడం ఇప్పటికి అత్యాశే. కానీ యాంగోన్‌లో, మౌల్మేన్ వైపు ఊళ్లలో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. నాలుగో తరం, ఐదో తరం పిల్లలు అక్కడ తెలుగు నేర్చుకుంటున్నారు. వాళ్ల ముత్తాతల ఊళ్లు సోంపేట, టెక్కలి, చీపురుపల్లి చుట్టుపక్కలే. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త అంతర్జాతీయ విమానాశ్రయాన్ని నిర్మించారు. అక్కణ్ణుంచి యాంగోన్ 1,345 కిలోమీటర్లు. 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన బాధ్యతలు చేపట్టిన కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం పార్లమెంటు సభ్యుడు. పరిస్థితులు అనుకూలించిన రోజున ఏడాదికి ఒకటో రెండో ప్రత్యేక విమానాలు, సంక్రాంతికి ఒకటైనా, భోగాపురం నుంచి నడపాలని నేను మనస్ఫూర్తిగా కోరుతున్నాను. విశాఖ హార్బరుకు ముందే ప్రపంచ వాణిజ్యాన్ని మోసిన ఈ తీరపు కూలీల వారసులకు ఇది పెద్ద కోరికేం కాదు.

ఈ లోగా చేయగలిగిన పని ఒకటుంది. రంగం పోయొచ్చిన ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల అడుగున ఓడ టికెట్లు, మనియార్డరు రసీదులు, బర్మా ముద్రలున్న ఉత్తరాలు, 1960ల నాటి కాందిశీక పత్రాలు ఇంకా కొన్ని మిగిలున్నాయి. చెదలకు వదలకండి. ఫోటో తీసి భద్రపరచండి, ఎవరిది ఏ ఊరో, ఏ రేవులో ఎక్కారో పెద్దవాళ్లు ఉండగానే అడిగి పక్కన రాసి పెట్టండి. ప్రభుత్వ దస్త్రాల్లో ‘గంజాం కూలీ’ అని మాత్రమే ఉన్న మనిషికి పేరు దొరికేది అక్కడే.

వచ్చే భాగం: 1942 ఏప్రిల్ 6. జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం రేవు మీదికి వచ్చిన రోజు, ఆ వార్త విని ఖాళీ అయిన ఊళ్లు.